చెక్‌పోస్టు సోంబరు పగ

“ఒరే సోంబరూ, నీకేటి కావాలో ఒకేపాలి సెప్పీ. డబ్బులా, నా సావా?”

క్వారీ నడిపే వరహాలరావు ఘాట్ రోడ్డు చెక్‌పోస్టు దగ్గర కారు అద్దం దించి అడిగిన ప్రశ్న ఇది. హోంగార్డు సోంబరు గేటు తాడు పట్టుకుని, బేరం ఆలోచిస్తున్నవాడిలా కారును ఎగాదిగా చూశాడు.

“డబ్బులు మా మరదలికి ఇస్తానన్నారు కదా బాబూ, అవి ఆవిడికే ఇయ్యండి. నాకా రెండోది సాలు.”

తర్వాత గేటు ఎత్తాడు. గేటు ఎత్తడం అతని డ్యూటీ.

గిరిజనుడు కొండను కన్నతల్లిలా చూస్తాడని, ఆమె పేగులు తోడుతుంటే తట్టుకోలేడని సెమినార్లలో చెబుతుంటారు. సోంబరుకు కొండతో అలాంటి చుట్టరికమేమీ లేదు. రోడ్డుకు కంకర కావాలని, కంకర కొండలోంచే వస్తుందని అతనికి తెలుసు. ఆ రోడ్డు మీదే డ్యూటీకి వెళ్తాడు. అతనికి కావలసింది ఒక్కటే. తమ్ముడి చావుకు కారణమైన మనిషి కోర్టు బోనెక్కాలి.

తమ్ముడు ఫల్గుణ ఆ నల్లరాతి క్వారీలో డ్రిల్లింగ్ పని చేసేవాడు. రెండేళ్ల కింద ఒక మంగళవారం, పేలని మందు రంధ్రంలో ఉండగానే మళ్లీ డ్రిల్లు పెట్టమన్నారు. శవాన్ని అర కిలోమీటరు మోసుకెళ్లి వాగు పక్కన పడుకోబెట్టారు. పోలీసు కాగితంలో ‘కొండ మీద కాలు జారి’ అని పడింది. క్వారీ లీజు అంతకు ఏడాది ముందే ముగిసింది. ముగిసిన క్వారీలో మందు పేలకూడదు కదా. ఊరి పెద్దల ముందు వరహాలరావు, ఫల్గుణ భార్య రాజులమ్మకు ఐదు లక్షలు ఇస్తానన్నాడు. అరవై వేలు చేతిలో పెట్టి, మిగతాది పంట మీద అన్నాడు. కంకరకు పంటేమిటని ఎవరూ అడగలేదు.

దినాలు కాగానే సోంబరు లారీలు ఆపడం మొదలుపెట్టాడు. డ్రైవరు టీ తాగేలోపు పైనుంచి ఎస్సైకి, ఎస్సై నుంచి సోంబరుకు ఫోన్ వచ్చేది. ఒక్క లారీని మాత్రం మూడు రోజులు స్టేషన్లో ఉంచగలిగాడు. చిన్న జరిమానా కట్టి విడిపించుకుపోతూ డ్రైవరు అతని ముందు హారన్ మోగించాడు. సోంబరును పదిహేను రోజులు డ్యూటీకి రావద్దన్నారు. రోజుకూలీ మీద బతికే హోంగార్డుకు అది పదిహేను రోజుల జీతం.

తిరిగొచ్చాక ఒక్క లారీనీ ఆపలేదు. డ్రైవర్లకు నమస్కారం కూడా పెట్టాడు. వాళ్ల పర్మిట్లు మైదానంలోని ఇంకేదో క్వారీ పేరున ఉండేవి. తేదీ పెన్సిలుతో రాసేవారు, గేటు దాటాక చెరిపి అదే కాగితంతో రెండో ట్రిప్పు కొట్టేవారు. సోంబరు ప్రతి లారీ నంబరు, టైము, పెన్సిలు తేదీ ఒక బడి నోటుపుస్తకంలో ఎక్కించాడు. మొదటి పేజీ మాత్రం జ్ఞాపకంతో రాశాడు. ఫల్గుణ చనిపోయిన మంగళవారం పొద్దున నాలుగు లారీలు దిగాయి, అయిదోది రాలేదు. ఆ నాలుగింటికీ గేటు ఎత్తింది తనే. పదకొండు నెలల్లో లెక్క రెండు వేల ట్రిప్పులు దాటింది.

పుస్తకాన్ని పాడేరులో అర్జీలు తీసుకునే గ్రీవెన్స్ రోజున ఇస్తే, అది చేతులు మారి, కింద మైదానంలోని గనుల శాఖ ఆఫీసులో కొత్తగా చేరిన సౌందర్య దగ్గరికి చేరింది. ఆ ఆఫీసు జీపు ఘాట్ ఎక్కకముందే క్వారీకి కబురు అందుతుందని సోంబరు ఆమెకు ఫోన్లో చెప్పాడు. అందుకని ఆమె ఒక శుక్రవారం కిరండూల్ రైలెక్కి, సంతకొచ్చిన మనిషిలా భుజాన సంచితో అరకులో దిగింది. సంచిలో కొలత టేపు ఉంది. సోంబరు తన బండి మీద క్వారీకి తీసుకెళ్లాడు. గోతి కొలతకు, పుస్తకంలోని లారీల లెక్కకు పెద్ద తేడా రాలేదు. కొండను తవ్వే పొక్లెయిన్ మిషను ఆ సాయంత్రమే సీజ్ అయింది. దాని మీద ఫైనాన్స్ వాయిదాలున్న వరహాలరావు కారు అద్దం దించింది ఆ వారమే.

నెల తర్వాత జరిమానా నోటీసు వచ్చింది, రాజులమ్మ ఇంటికి.

ఏజెన్సీలో గిరిజనేతరుడికి లీజు దక్కదు. అందుకే కింది నుంచి వచ్చినవాడు మొదట ఒక గిరిజనుడి సంతకాన్ని వెతుక్కుంటాడు. ఈ క్వారీకి ఆ సంతకం ఫల్గుణది, నెలకు మూడు వేలకు. ఆ సంగతి సోంబరుకూ తెలుసు. అయితే క్వారీ ఎవరిదో లోయంతటికీ తెలిసినప్పుడు చట్టానికి తెలియకుండా ఉంటుందా అనుకున్నాడు. ఘాట్ దిగి ఆఫీసుకు పరిగెత్తి సౌందర్యను నిలదీశాడు. ఆమె దాపరికం లేకుండా చెప్పింది, చట్టంలో లీజుదారు అన్న మాటే ఉందని, వరహాలరావు పేరు ఏ కాగితంలోనూ లేదని. కాగితం ప్రకారం ఫల్గుణ చావుకు కూడా బాధ్యుడైన యజమాని ఫల్గుణే. ఇక ఆయన వారసురాలు రాజులమ్మ. పుస్తకంలోని లెక్క తప్పని సోంబరే రాసిస్తే జరిమానా చాలావరకు పోవచ్చని, అప్పుడు పొక్లెయిన్‌నూ వదిలేయాల్సి వస్తుందని కూడా ఆమె చెప్పింది.

ఆ మాట సోంబరు కంటే ముందే కొండెక్కింది. రాసిస్తే మిగిలిన నాలుగు లక్షల నలభై వేలు ఒకేసారి ఇస్తానని వరహాలరావు మనిషిని పంపాడు.

సోంబరు స్టాంపు కాగితం కొనుక్కునే మరదలి ఇంటికి వెళ్లాడు. రాజులమ్మ వాకిట్లో మిరియాలు ఎండబోస్తోంది. కాఫీ తోట ఎకరన్నర ఆమెకున్న ఆస్తి, అది జప్తుకు పోతుందని అతను చెప్పాడు. సంతకం పెట్టేస్తానన్నాడు. ఆమె చేత్తో మిరియాలు సర్దుతూనే ఉంది.

“పోలీసోళ్లు కాలు జారాడన్నారు. ఆ మంగళారం క్వారీ ఆడిందని నీ పుస్తకంలోనే ఉంది బావా, ఇంకెక్కడా నేదు. అదీ నువ్వే కొట్టీసుకుంటే ఆయన నిజింగానే కాలు జారి సచ్చినట్టు.”

“తోట పోద్దే.”

“పోనీ. ఆడి మిషను ఇంటికెళ్లకూడదు.”

సోంబరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తోటను వేలానికి రెండుసార్లు ప్రకటించారు. డబ్బున్నవాడికి అక్కడ కొనే హక్కు లేదు, హక్కున్నవాడికి డబ్బు లేదు. రెండుసార్లూ ఎవరూ పాడలేదు. వరహాలరావు మరో కొండ మీద మరో సంతకంతో తవ్వుతున్నాడని విన్నాక సోంబరు కొత్త నోటుపుస్తకం కొన్నాడు. పొక్లెయిన్ మాత్రం స్టేషన్ ఆవరణలోనే తుప్పు పడుతోంది. డ్యూటీ దిగాక సోంబరు దాని ముందు బండి ఆపి, చూసుకుని, ఇంటికి పోతాడు.

రాజులమ్మ ప్రభుత్వానికి ముప్పై ఒక్క లక్షల నలభై వేల రూపాయలు బాకీ.