మెట్లు ఊడ్చే వంతు పలక

వచ్చే సోమవారం అమ్మకు మోకాలి ఆపరేషన్. ఆమె ఇంకా బిల్డింగ్ మెట్లు ఊడుస్తూనే ఉంది. అందుకే ఈరోజే రాస్తున్నాను.

ఒమన్‌లో, ఈ సలాలా బిల్డింగ్‌లో మాతోపాటు పెరిగినవాళ్ళకు ఆ చెక్క పలక గుర్తుండే ఉంటుంది. అమ్మ వంట చేసిన ఇంటి జర్మన్ మేడమ్ ఇచ్చింది. జర్మనీలో వాళ్ళది చిన్న సంత ఊరు. బుధవారం చర్చి ముందు బంగాళాదుంపలు, పూలు అమ్ముతారట. శనివారం ఎవరి తలుపుకు పలక ఉంటే వాళ్ళు మెట్లూ వీధీ ఊడ్చి, దాన్ని పక్కింటికి తగిలించాలట. ఊడ్వనివాళ్ళ గురించి ఊరంతా చెప్పుకుంటుందట. అమ్మకు ఆ పద్ధతి నచ్చి మన తలుపులన్నిటికీ తిప్పింది. తడి దుమ్ము, ఫినాయిల్ వాసన, పైనుంచి మీ అమ్మల కేకలు: "ఓ వదినె, ఈ వారం నీదే, దాక్కోకు."

ఇప్పుడు మీరంతా వెళ్ళిపోయారు. మీ ఇళ్ళలో కంపెనీ కుర్రాళ్ళున్నారు, వాళ్ళకు ఈ వంతు సంగతి తెలియదు. పలక మా తలుపుకే ఉండిపోయింది. పొద్దున డ్యూటీ నుంచి వచ్చి తీసేయబోయాను.

"ఇంకొకలకు ఇయ్యకుండ ఎట్ల తీస్తవ్ బిడ్డా?"

"అందరు పోయిన్రు గదమ్మా. నాకియ్యి, నేను ఊడుస్త."

"మనిద్దరిది ఒక్కటే తలుపు. వేరే తలుపోళ్ళు అడగాలె."

ఆమెతో వాదించే ఓపిక నాకిక లేదు. మస్కట్‌లో ఉన్నా, కరీంనగర్‌లో ఉన్నా, మీలో ఒకరు అమ్మకు ఫోన్ చేసి "ఈ వంతు మాది" అని అడగండి. మీ బదులు నేను ఊడుస్తాను. ఎవరు అడుగుతారో గురువారంలోపు నాకు చెప్పండి. శనివారం ఆమె మళ్ళీ చీపురు పట్టుకుంటుంది.