ఖాళీ కుర్చీ మీది అన్నం

దోహాలో నేను కుర్చీలు వేసేవాణ్ని. మైకులు బిగించడం కూడా నా పనే గానీ, ఇంటికి ఫోను చేసినప్పుడు దుబాయ్‌లో కుర్చీలు వేస్తున్నానంటే సరిపోయేది, మా ఊరికి గల్ఫ్ అంతా దుబాయే. ప్రపంచ కప్పు కోసం ఊరంతా తవ్విపోసిన రోజులవి. మా కంపెనీ చాలామందిని స్టేడియం సైట్లకు తోలి, నన్నూ బావనూ ఒక విదేశీ యూనివర్సిటీ క్యాంపస్‌కు పంపింది. నక్కతోక తొక్కారన్నారు క్యాంపులో వాళ్లు.

బావ అంటే వరసకే, పక్క ఊరివాడు. అతని తమ్ముడు అల్ తుమామా వైపు ఒక సైటులో చేసేవాడు. డ్యూటీ నుంచి వచ్చి పడుకుని మళ్లీ లేవలేదు. శవపేటిక ఇంటికి పోయింది, బావ పోలేదు. అప్పట్లో మాలాంటివాళ్లు దేశం దాటాలంటే కంపెనీ సంతకం పెట్టాలి. మా మేనేజరు కాదనలేదు, "బుక్రా" అన్నాడు. రేపు అని. యూనివర్సిటీలో పెద్ద ప్రోగ్రాం ఉంది, అది అయ్యాక చూద్దామన్నాడు. అన్న లేకుండానే ఊళ్లో తమ్ముణ్ని కాల్చారు. ఇక పదకొండోనాడు జరిగే దినాలకైనా ఊళ్లో ఉండాలని బావ పట్టు.

ఆ ప్రోగ్రాం సంగతేమిటంటే, ఆ యూనివర్సిటీ సొంత దేశంలో తన మొదటి భవనాలను బానిసల చేత కట్టించిందట. మనుషుల్ని అమ్మి, పరాయి దేశాలను దోచి బలిసిన దొరల విరాళాలతో పెరిగిందట. ఇన్నేళ్లకు ఆ తప్పు ఒప్పుకుని, దోహాలోనూ సంతాప సభ పెట్టింది. నడిమి ముంగిట్లో ముందు వరస కుర్చీలకు తెల్లగుడ్డలు కప్పి, ఎవరూ కూర్చోకుండా చూడమన్నారు.

"గివి ఎవలకు బామ్మర్దీ?" అన్నాడు బావ.

"సచ్చిపోయినోళ్లకంట బావా. ఆళ్ల పేర్లు సుత తెల్వయంట."

అంతలో బావకు ఇంటి నుంచి ఫోను వచ్చింది. ఆవేళ కాల్చిన మూడో రోజు, పిట్టకు పెట్టారు. పోయినవాడికి వండిపెట్టి దూరంగా నిలబడతాం. కాకి ముడితే తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు, అప్పుడు మాట ఇవ్వాలి. భార్యను చూసుకుంటామన్నారు, పిల్లల్ని చదివిస్తామన్నారు. అయినా ముట్టలేదు. "మీ కోసమే సూస్తున్నడు," అని తమ్ముడి భార్య ఏడ్చిందట.

బావ తన టిఫిన్ డబ్బా తెచ్చాడు. అన్నం, కోడిగుడ్డు పులుసు. కాగితం పళ్లెంలో వడ్డించి, చివరి తెల్ల కుర్చీ మీద పెట్టాడు. చచ్చిపోయినవాళ్ల కుర్చీ అని చెప్పింది నేనే కదా. ఆపుదామని కూడా నాకు తోచలేదు. అక్కడ కాకులు కూడా లేవు, వాటికి వీసా దొరకలేదేమో.

"తమ్మీ, దినాలకు నేనస్తరా. మేనేజరు కాళ్లు పట్టుకొనైనా అస్త. ముట్టురా," అన్నాడు బావ చేతులు జోడించి.

"క్యా హై యే? హటావ్!" అంటూ సూపర్‌వైజర్ పళ్లెం తీసెయ్యమని పరుగెత్తుకొచ్చాడు. అతిథులతో వస్తున్న ప్రొఫెసరమ్మ అతన్ని ఆపింది. పళ్లెం కూడా ప్రోగ్రాంలో భాగమే అనుకుంది పాపం. కుర్చీ ముందు తల వంచి నిలబడింది. ఫోటోలు తీశారు. బావ అడ్డం వస్తున్నాడని పక్కకు జరగమన్నారు. జరిగాడు.

తర్వాత ఆమె మాట్లాడింది. యజమాని ఒప్పుకోనిదే ఆ బానిసలు పొలిమేర దాటడానికి లేదని, అయినవాళ్లు పోయినా అంతేనని చెప్పింది. ఆమె గొంతు వణికింది. నేను మైకు గరగరమంటోందేమోనని చూసుకున్నాను. నాకు కోపం గానీ బాధ గానీ కలగలేదు. మా మేనేజరు మూడో వరసలో కూర్చుని తలూపుతున్నాడు.

అందరూ లేచి మౌనం పాటిస్తుండగా ఒక గోరింక దిగింది. కుర్చీ అంచు మీద కాసేపు నడిచి, ఇన్ని మెతుకులు తిని ఎగిరిపోయింది. బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ముట్టింది బామ్మర్దీ! నా మాట నమ్మిండు."

ప్రోగ్రాం అయిపోయింది. బావ మేనేజరు దగ్గరికి పోయాడు. "బుక్రా" అన్నాడాయన. మర్నాడు పోతే మళ్లీ బుక్రా. ప్రపంచ కప్పు పేరుతో క్యాంపస్‌లో పండగ చేస్తున్నారు, మనుషులు చాలరన్నాడు.

దినాలనాడు మేమిద్దరం అదే ముంగిట్లో, ఆ పండగకు అవే కుర్చీలు వేస్తున్నాం. ఈసారి తెల్లగుడ్డలు లేవు. వేస్తూ వేస్తూ బావ ఒక కుర్చీలో కూలబడ్డాడు. సూపర్‌వైజర్ దూరం నుంచి "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ అరుస్తున్నాడు. లేపుదామని నేను అతని భుజం మీద చెయ్యి వేశాను.

"గా పిట్ట ముట్టకుంటెనే మంచిగుండు," అన్నాడు బావ. "నేనస్తనని నమ్మి తినిపాయె వాడు."