రెండు పొడపత్రి ఆకులు

మా పెదనాన్న పొద్దున్నే దడి మీద పాకిన పొడపత్రి తీగ నుంచి రెండాకులు తుంపి నమిలేవాడు. తర్వాత చిటికెడు పంచదార నాలుక మీద వేసుకుని, "ఇసకేరా, వట్టి ఇసక. ఒంట్లో షుగరు చచ్చినట్టే" అనేవాడు. ఆకు చంపేది నాలుక మీది తీపినే, నెత్తుట్లో చక్కెరని కాదని వినుకొండ డాక్టరు చెప్పినా వినలేదు. మాత్రలు మానేశాడు.

పత్తిని పురుగు తిన్నాక ఆ ఏడు అంతా మిర్చే వేశాం. కల్లంలో కాయల మీద చెప్పులతో నడవకూడదని ఆయన పట్టింపు. కాయల ఎరుపులో ఏమీ తెలియలేదు గాని, బయటి నేల మీదికి వచ్చాక ఆయన అడుగులు తడిగా పడ్డాయి. కూర్చోబెట్టి చూస్తే మడమలో తుమ్మముల్లు దిగి ఉంది.

"నొప్పి పుట్టలేదా పెదనాన్నా?"

"ఏం నొప్పిరా?" అన్నాడు, నిజంగానే అడుగుతూ.

నేను ముల్లు లాగుతుంటే, అది ఎవరి కాలో అన్నట్టు చూస్తూ కూర్చున్నాడు. ఆ పుండు మానలేదు. మొదట కాలు తీసేశారు, తర్వాత ఆయనే పోయాడు.

పెద్దకర్మ రోజు భోజనానికి ముందు దడి దగ్గరికి వెళ్లి రెండాకులు నమిలాను. విస్తట్లో లడ్డూ వేశారు. తిన్నాను.

"ఇంకోటి వెయ్యనా?" అన్నాడు వడ్డిస్తున్న బావ.

వెయ్యమన్నాను. అదీ ఇసకే.