కుర్చీల వరుసలో చెరుకు కోత

ఏ పని ముందు, ఏది తరువాత అన్న ప్రశ్నను హోదాలతో తేల్చడం మన కార్యాలయాల్లో ఇప్పటికీ మర్యాదగానే చలామణి అవుతోంది. దానివల్ల ఒక రైతు చెరుకు నిలువునా ఎండిపోవడం నేను చూశాను. అందుకే ఇది రాసిపెట్టక తప్పదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్లు. బోధన్ సమీపంలోని ఒక చిన్న చక్కెర మిల్లులో నేను చెరుకు విభాగం అధికారిని. ముందు నాటినవారికి ముందుగా కటింగ్ ఆర్డర్, అంటే చెరుకు కోసి మిల్లుకు తోలడానికి అనుమతి చీటీ, ఇవ్వడం మా పని. దాన్ని కంప్యూటరుకు ఎక్కించడానికే హైదరాబాదు నుంచి ఒక బృందాన్ని పిలిపించారు. ఆ బృందానికి పెద్ద అయిన యువతి మొదటి సమావేశంలోనే అడిగింది.

"అన్నీ ఒకేసారి రావు సార్. పక్షానికొక భాగం చేసి చూపిస్తాం. మిల్లులో చెరుకు క్రషింగ్ మొదలయ్యేసరికి ఏది లేకపోతే పని ఆగుతుందో అది ముందు చెప్పండి."

ఇంతకన్నా సూటి ప్రశ్న ఉంటుందా? మావాళ్లు మాత్రం టీ అందించే వరుసలోనే కోరికలు చెప్పారు. జనరల్ మేనేజరుగారి రంగుల నివేదిక మొదటిది. తరువాత సిబ్బంది హాజరు, ఆ తరువాత స్టోర్స్. చివరి కుర్చీ నాది కనుక కటింగ్ ఆర్డర్ చివరిది! నేను లేచి అభ్యంతరం చెప్పాను.

"పెద్దసారు అడిగినదానికంటె ముందట నీది పెట్టాల్నా? కూసో అన్నా," అంటూ స్టోర్స్ అధికారి నా చొక్కా లాగాడు. అందరూ నవ్వారు.

క్రషింగ్ మొదలైంది. రంగుల నివేదిక వచ్చింది. చూపడానికి అందులో చెరుకు వివరాలే లేవు. కంప్యూటరు వస్తోంది కదా అని పాత చేతిరాత పద్ధతిని అప్పటికే ఎత్తివేశారు. ఇక పలుకుబడి ఉన్నవారికే ఆర్డర్లు. కోటగిరి వైపు నుంచి వచ్చే ఒక వృద్ధురాలు, అందరికన్నా ముందు నాటిన రైతు, జనరల్ మేనేజరుగారినే నిలదీసింది.

"సారూ, నా ఎన్క నాటినోళ్ల చెరుకు బండ్లెక్కి పోయింది. నాది పూతకొచ్చి ఎండవట్టె. మీ మిషిన్ల నా పేరెప్పుడొస్తది?"

"తయారవుతోందమ్మా, ఓపిక పట్టు."

"నేను వడ్త సారూ. చెరుకుకు చెప్పుండ్రి."

వరుస మార్చమని నేను మళ్లీ అడిగాను. "మార్చుకోవడానికే కదా సార్ పక్షానికోసారి కూర్చునేది," అని ఆ యువతి నన్ను సమర్థించింది. ఖరారైన వరుసను కదిలించేది లేదన్నారు జనరల్ మేనేజరుగారు. ఎంత దుర్మార్గమైన క్రమశిక్షణ!

ఆర్డర్ అందేసరికి అవ్వ చెరుకు రసం ఇంకి బెండువారింది. మిల్లు దాన్ని తీసుకోలేదు. ఆమె పొలం దున్నించి, మరుసటి ఏడు వరి వేసింది. మా సమావేశం మాత్రం 'కోరినవన్నీ అందాయి' అని తీర్మానించుకుంది.

ఈ కంప్యూటరు విద్యలో నాకు పాండిత్యం లేదు. సాంకేతిక విషయాల్లో గానీ, సంఘటనల క్రమంలో గానీ పొరబడి ఉంటే, తెలిసినవారు, ముఖ్యంగా ఆ గదిలో ఉన్నవారు, మొహమాటపడకుండా దిద్దవలసిందిగా కోరుతున్నాను.