సత్తెమ్మక్క పొడిచిన డ్రమ్ములు

మొన్న ముత్తంగి దగ్గర ఒక ట్యాంకర్ నా కారు పక్కన వచ్చి ఆగింది. కుళ్లిన వెల్లుల్లిలాంటి ఘాటు ముక్కుకు తగలగానే సత్తెమ్మక్క గుర్తొచ్చింది. నా మొదటి ఉద్యోగంలో ఆ వాసన వస్తే మేమంతా ముక్కు మూసుకుని పక్కకు తప్పుకునేవాళ్లం. ఆమె మాత్రం ఆగి, ఏ డ్రమ్ములోంచి వస్తోందో వెతికేది.

చదువు ముగించి పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో చేరిన కొత్తలో నాకు వ్యర్థాల విభాగం అప్పగించారు. వెనక గోడ వెంట రేకుల షెడ్డు, వాడేసిన రసాయనాల డ్రమ్ములు, బురద నింపిన సంచులు. ఏది శుద్ధి చేసి మళ్లీ వాడుకోవాలో, ఏది కాల్చడానికి పంపాలో నేను పుస్తకాల్లో చదువుకున్నాను. ఏది దేని పక్కన పెట్టకూడదో నేర్పింది మాత్రం సత్తెమ్మక్కే. దగ్గర్లోని లక్డారంలో భూమి ఉన్న కుటుంబం ఆమెది. బోరు నీళ్లు రంగు మారి వరి ఎండిపోయాక ఆ షెడ్డులో పనికి వచ్చింది. “కంపెనీలంటే కోపం రాదా అక్కా?” అని ఒకసారి అడిగాను. “వస్తది. గందుకే ఈడ ఉన్న. ఇంట్ల కూసుంటే ఏది బయటికి వోతదో నాకెట్ల ఎరుక?” అంది.

రసాయనాలు వచ్చిన ఖాళీ నీలం డ్రమ్ములకు చుట్టుపక్కల ఊళ్లలో భలే గిరాకీ. నీళ్లు పట్టుకోవడానికి అందరూ అడిగేవారు. అందుకే ఎవరూ వాడకుండా ప్రతి డ్రమ్మునూ గడ్డపారతో చిల్లులు పొడిచాకే ప్లాస్టిక్ కరిగించేవాళ్లకు పంపాలన్నది నియమం. ఒక మధ్యాహ్నం సత్తెమ్మక్క చెల్లెలు అనసూయ వచ్చింది. కూతురి పెళ్లి, నీళ్లకు నాలుగు డ్రమ్ములు కావాలి. “మా అక్క గీడనే పనిచేస్తది మేడం, జెర ఇప్పియ్యండి,” అంది. నాకు మొహమాటం. కడిగినవే కదా అనుకుని, ఇంకా పొడవని నాలుగింటికి గేటు పాసు రాసి సంతకం పెట్టాను.

ఆటో గేటు దగ్గరికి చేరేసరికి సత్తెమ్మక్క గడ్డపారతో పరుగెత్తుకొచ్చింది.

“దించు! అన్నీ దించు!”

“పెండ్లి నీళ్లకే అక్కా. కడిగిన్రు,” అంది అనసూయ.

“కడిగితే వోయేదైతే మన బోరు ఎప్పుడో మంచిగైతుండె,” అంటూ నలుగురి ముందే ఆ నాలుగూ పొడిచేసింది.

అనసూయ ముఖం కందిపోయింది. “నా బిడ్డ పెండ్లికి నువ్వు రాకు!” అని వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. తప్పు నాదని చెప్పడానికి నోరు రాలేదు. సత్తెమ్మక్క కూడా నా పేరెత్తలేదు. పాసు కాగితం తెచ్చి నా చేతిలో పెట్టి, “పెద్దోళ్లు చూస్తే నువ్వు పరేషాన్ అయితవు బిడ్డా,” అంది.

పెళ్లి రోజున ఆమె పనికి వచ్చింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పి, అలాగే మూత పెట్టేసింది. తినవా అని అడిగితే, “ఇగ తలంబ్రాలు పోస్తుండొచ్చు,” అంది. అంతకుమించి ఆ ఊసెత్తలేదు. అనసూయ ఇంటికి వెళ్లి చెబుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. ఇవాళ కాదు రేపు అనుకుంటుండగానే వేరే ఉద్యోగంలో చేరిపోయాను.

పోయిన ఏడాది సత్తెమ్మక్క చనిపోయిందని తెలిసి లక్డారం వెళ్లాను. ఒక మూలన కూర్చున్న అనసూయ నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చింది.

“మా అక్క నా ముచ్చట ఎప్పుడన్న తీసిందా బిడ్డా?”

పెళ్లి రోజున అక్క అన్నం ముట్టలేదని చెప్పాను. ఎంత కడిగినా ఆ డ్రమ్ముల్లో విషం పోదని, ఇవ్వకూడదన్న నియమం తెలిసీ నేను సంతకం పెట్టానని, ఆ రోజు అక్క తప్పేమీ లేదని చెప్పాను. “గీ మాట గప్పుడే చెప్పుంటే...” అంటూ అనసూయ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇప్పుడు నా దగ్గర పనిచేసేవాళ్లు దేన్నయినా అడ్డుకుంటే, ఎందుకో పూర్తిగా విన్నాకే సంతకం పెడతాను. పొరపాటు చేస్తే ఆ రోజే, అందరి ముందే ఒప్పుకుంటాను. ఇదంతా నేర్చుకున్నది సత్తెమ్మక్క వల్లే. ఆమెకు మాత్రం అది అక్కరకు రాలేదు.