పాత స్టాకు

పలాసలో బట్టల షాపుకి పనికి వెళ్ళేటప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ అయింది కదా, కౌంటరులో నిలబెడతారనుకున్నాను. మేనేజరు నన్ను కిందా మీదా చూసి, "పైకెళ్ళు" అన్నాడు. మూడో అంతస్తులో, రేకుల కింద ఉండేది స్టాక్ రూమ్.

అక్కడ అప్పటికే ఒకామె పనిచేస్తోంది. ఉద్దానం ఒడ్డున సముద్రంలోకి వేటకెళ్ళేవాళ్ళ ఇంటి మనిషి, నలభై అయిదేళ్ళుంటాయి. మా వైపు అక్కని పిలిచినట్టు అప్ప అని పిలిచేదాన్ని. అప్పకి చదువు రాదు. కానీ కింద నుంచి ఫోను చేసి ఫలానా సైజు పచ్చ చొక్కా కావాలంటే, నేను స్టిక్కర్లు చదువుకుంటూ ఉండగానే ఆమె దాన్ని తీసి, తాడు కట్టిన బుట్టలో వేసి కిందికి దించేసేది.

"అచ్చరాలు సూడకమ్మీ, బట్ట సూడు," అనేది. "ఏ మూట ఎప్పుడొచ్చిందో, దాని పక్కన ఏటెట్టినామో గేపకం ఎట్టుకో. అంతే."

మూడు నెలలకి నాకూ ఆ విద్య పట్టుబడింది. పార్సిళ్ళు విప్పుతుంటే వచ్చే కొత్త బట్ట వాసన, కింద అడిగింది అడిగినట్టు చేతికి తగలడం, అవన్నీ నాకు ఇష్టంగానే ఉండేవి. మొదటిసారి అప్పకంటే ముందు నేను చీర తీసిన రోజు ఆమె నవ్వి, తన గిన్నెలో చేప ముక్క నా గిన్నెలో వేసింది.

పైకి నీళ్ళ సీసా తేకూడదు, బట్టలు తడుస్తాయని. బాత్రూము కింద ఉండేది. వెళ్ళాలంటే కౌంటర్ల మధ్య నుంచి వెళ్ళి, కొనేవాళ్ళ ముందే మేనేజరుని అడగాలి. ఆ సిగ్గుకి మేము నీళ్ళు తాగడమే మానుకున్నాం. కిడ్నీ జబ్బంటే ఏమిటో మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. అయినా తాగేవాళ్ళం కాదు.

రెండో ఏడు పెళ్ళిళ్ళ రోజుల్లో అప్ప పని నెమ్మదించింది. నిచ్చెన రెండు మెట్లెక్కి ఆగిపోయేది. మధ్యాహ్నం తిన్నాక మూటల వెనక అట్టలు పరుచుకుని కాసేపు పడుకునేది. ఆ కాసేపూ ఆమె పని కూడా నేనే చేసేదాన్ని. ఆ విషయం మా ఇద్దరికే తెలుసు.

ఒకరోజు బుట్ట దిగడం ఆలస్యమై, పెళ్ళిబట్టలకొచ్చిన కుటుంబం లేచి వెళ్ళిపోయింది. మేనేజరు నన్ను కిందికి పిలిచి, కౌంటరు అమ్మాయిలందరి ముందూ నిలబెట్టాడు.

"డిగ్రీ సదివినావు. చీర తియ్యడానికి గంట కావాలా నీకు?"

"నా తప్పు కాదు సార్," అన్నాను. "అప్ప మూటల ఎనకాల పడుకుంటంది. ఇద్దరి పనీ నానే సేత్తన్నాను."

అన్నాక గుండె తేలికపడింది. అది దాచను.

మర్నాడు మధ్యాహ్నం అతను చెప్పులు విడిచి చప్పుడు కాకుండా పైకి వచ్చాడు. నాకు నోటిమీద వేలు పెట్టి చూపించి, మూటల వెనక్కి వెళ్ళి ఫొటో తీశాడు. పది నిమిషాల్లో అది షాపు వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. కింద ఒక మాట రాశాడు: "పాత స్టాకు. ఎవరికైనా కావాలా?"

నవ్వు బొమ్మలు వరసగా పడ్డాయి. వాచ్‌మన్ పెట్టాడు, టైలర్లు పెట్టారు, కౌంటరు అమ్మాయిలందరూ పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను. మేనేజరుకి భయపడి పెట్టానని చెప్పుకోవచ్చు. కానీ అప్ప నోరు తెరుచుకుని, ఒక కాలు మూట మీద వేసి పడుకున్న తీరు చూస్తే నాకు నిజంగానే నవ్వొచ్చింది.

అప్పది బటన్ ఫోను. సాయంత్రం కిందికి వెళ్ళి వచ్చి నన్ను అడిగింది. "అందరు నన్ను సూసి నవ్వుతున్నారేటి? నీ ఫోన్లో ఏటుంది?"

చూపించాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఫోను కళ్ళ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇది నా మొకమేనా?" అంది. "ఇంత ఉబ్బిపోయిందేటి? కాళ్ళు సూడమ్మీ, తంబాల్లాగున్నాయి. కింద ఏటి రాసినారు?"

"అప్ప పడుకుంది అని రాసినారు," అన్నాను.

ఆ వారమే రక్తపరీక్ష చేయించుకుంది. వారానికి రెండుసార్లు డయాలసిస్ అన్నారు. ఆ రెండు రోజులూ సెలవు ఇవ్వమని అడగడానికి వచ్చి మేనేజరు ముందు నిలబడింది. అతను లెక్కచూసే యంత్రం మీంచి తల ఎత్తలేదు.

"బాగయ్యాక రా," అన్నాడు.

అతనిదీ మా వైపే, కోటబొమ్మాళి. ఆ జబ్బు బాగవదని అతనికీ తెలుసు. అప్ప పైకి వచ్చి తన అన్నం గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు స్టాక్ రూమ్ తాళాలు నా చేతికిచ్చాడు. తీసుకున్నాను. ఆమె లేకపోతే పని సాగదనుకున్నాను. బాగానే సాగింది. పది రోజులకి ఆమె మాట ఎత్తేవాళ్ళు లేరు.

నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం వాళ్ళ ఊరు వెళ్ళాను. కొబ్బరిచెట్ల కింద ఇసుకలో నడిచి వెళ్ళేసరికి అప్ప అరుగు మీద మంచంలో ఉంది. ముఖం చిక్కి నల్లబడింది. నా పేరు విని కోడలు లోపలికి వెళ్ళిపోయింది.

"నీకు తాళాలిచ్చినాడంట కదా?" అంది అప్ప.

"ఇచ్చినాడప్పా."

"నాను మూటల ఎనకాల పడుకున్నట్టు నువ్వు తప్ప ఎవులూ ఎరగరమ్మీ."

క్షమించమని అడగాలని బస్సెక్కినదాన్ని, చెప్పులకంటిన ఇసుక దులుపుకుంటూ నిలబడ్డాను. ఆమె నా జవాబు కోసం చూడలేదు.

"కూసో. అన్నం తిని ఎల్లు," అంది.

కోడలు కంచం తెచ్చి నా ముందు పెట్టింది. అప్ప చూస్తూ ఉండగా ఒక్కదాన్నే తిన్నాను, మెతుకు మిగల్చకుండా. కోడలు కంచం తియ్యడానికి రాలేదు. నేనే కడిగి అరుగు మీద బోర్లించి వచ్చేశాను.

వర్షాకాలం వెళ్ళాక, ఒక ఉదయం వాచ్‌మన్ చెప్పాడు, అప్ప పోయిందని. ఆ రోజు పండగ సరుకు లారీ వచ్చింది. మేనేజరు దగ్గరికి వెళ్ళి సెలవు అడిగాను.

"ఏమవుతాది నీకు?"

"కలిసి పన్జేసినాం సార్."

"అయినోలు కాదు కదా?"

"కాదు సార్," అని పైకి వెళ్ళి పార్సిళ్ళు విప్పాను.