తాళం వేసిన ఇంట్లో మనిషి

రాత్రి డ్యూటీ దిగి వచ్చిన మనిషి పగలు నిద్రపోతుంటే, మా రైల్వే క్వార్టర్లలో ఇల్లాలు బయట తాళం వేసి బజారుకు వెళ్తుంది. తాళం చూసి ఎవరూ తలుపు తట్టరు.

ఆ రోజు పక్కింటి అత్త అలాగే, లోపల మావయ్య నిద్రపోతుండగా, తాళం వేసి బుధవారీ బజారుకు వెళ్లింది, పొయ్యి మీద పప్పు మరిచిపోయి. వాళ్ల వంటింటి కిటికీలోంచి పొగ రావడం చూసి, మావయ్యకు ఆ రోజు పగటి డ్యూటీ అనుకుని, లోపల ఎవరూ లేరని నాన్న సుత్తితో తాళం పగలగొట్టారు. ఆ చప్పుడుకు లేచిన మావయ్య దొంగలనుకుని కర్ర అందుకున్నాడు. తలుపు తెరుచుకోగానే దెబ్బ నాన్న మణికట్టు మీద పడింది. వెనకే వెళ్లి పొయ్యి ఆర్పింది నేను.

సాయంత్రం మా వరండాలో తగువు.

"మంటార్పడానికొచ్చినోడిని కొడతారేటి? పోలీసులకి చెప్తాను," అంది అమ్మ.

"తాళం బద్దలుకొడితే ఏటనుకుంటారొదినా? పప్పు తినడానికొచ్చారనుకుంటారా?" అంది అత్త.

నాన్న, మావయ్య తలలు దించుకుని కూర్చున్నారు. ఎన్నో ఏళ్లుగా రోజూ కలిసి టీ తాగే మనుషులు. అది ఇక ఉండదేమోనని నాకు భయం వేసింది.

నేను లా చదువుతున్నాను. క్లాసులో నోరు విప్పను, విన్నది డైరీలో రాసుకుంటాను. ఆ వారం చెప్పిన పాఠం ఇదే.

"చట్టంలో ఇద్దరికీ డిఫెన్స్ ఉందమ్మా, ఇద్దరిదీ నేరం కాదు," అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. "నాన్న కావాలనే పగలగొట్టారు, కానీ ఇల్లు కాలకుండా ఆపడానికి. మావయ్య కావాలనే కొట్టాడు, కానీ తనను కాపాడుకోడానికి. వచ్చింది దొంగ కాకపోయినా, అలా అనుకోడానికి సరైన కారణం ఉంది. నాన్న మొహం చూశాక ఇంకో దెబ్బ వేసుంటే మాత్రం తప్పే."

"చూడగానే కర్ర పారేసాను కదమ్మా," అన్నాడు మావయ్య.

"అచ్ఛా. మరి తప్పెవలిది?" అంది అమ్మ.

"పప్పుదే," అన్నారు నాన్న.

ముందు అత్త నవ్వింది. అమ్మ నవ్వలేదు గానీ, లేచి టీ పెట్టింది.

మర్నాడు అత్త కొత్త తాళం రెండో చెవి తెచ్చి మా గుమ్మం పక్క మేకుకు తగిలించింది. "ఈసారి పొగొస్తే తాళం తీసి లోపలికొచ్చీండి. ముందు మాత్రం బావా అని కేకెయ్యండి," అంది నాన్నతో.

తర్వాతి క్లాసులో సమ్మతి గురించి ఉదాహరణ అడిగారు. మా గుమ్మం పక్క మేకుకున్న తాళంచెవి గుర్తొచ్చి నేను చెయ్యెత్తాను.